నలభై ఒక్క మార్కుల టెస్ట్ డ్రైవ్

మార్చి 2

క్లచ్, బ్రేకు, యాక్సిలరేటర్ అను మూడింటి మీద సర్వాధికారాలు గల అత్తయ్య గారి సముఖానికి,

మేనల్లుడు వంగి రాయునది. వినయం వల్ల కాదు, ఈ ఆఫీసులో నాకిచ్చిన టేబులు మోకాళ్ల ఎత్తే ఉంది.

నాకు ఉద్యోగం వచ్చింది. వచ్చి రెండు నెలలయింది. ఉంటుందో ఊడుతుందో తేలాక రాద్దామని ఆగాను. కానీ నాన్న, "మా అక్కకి చెప్పకుండా ఎన్నాళ్లు దాస్తావురా, తెలిస్తే తిట్లు నాకు" అని రోజూ ప్రాణం తీస్తున్నాడు. కాబట్టి ఈ ఉత్తరం నీ మీద ప్రేమతోనూ, నాన్న మీద జాలితోనూ రాస్తున్నాను.

ఉద్యోగం ఒక పెద్ద కార్ల డీలరు దగ్గర. పై అంతస్తులో అద్దాల షోరూము. అక్కడ కార్లు కొంటారు. కింద సర్వీసు సెంటరు. అక్కడికి వచ్చి ఎందుకు కొన్నామా అనుకుంటారు. నేను కింద. హోదా సర్వీస్ అడ్వైజర్. ఆర్థికశాస్త్రంలో డిగ్రీ చేసినవాడివి ఇక్కడేం చేస్తావురా అని నువ్వు అడగొచ్చు. గిరాకీ ఉంటే సరఫరా వస్తుందని కాలేజీలో చెప్పారు. ఇక్కడ సరుకు ముందే సిద్ధంగా ఉంటుంది, గిరాకీ మేం పుట్టిస్తాం.

పద్ధతి చెప్తాను. ఓనరు వచ్చి "ఏదో చిన్న చప్పుడు బాబూ" అంటాడు. ఆ మాటలు జాబ్ కార్డు మీద రాసుకుని, బానెట్ ఎత్తి, లోపలికి చూస్తూ కాసేపు ఏమీ మాట్లాడకూడదు. ఈ మౌనానికి రెండు రోజులు శిక్షణ ఇచ్చారు. ఆ తర్వాత మెల్లిగా, "సార్, ఎన్నాళ్లయింది చూపించి?" అనాలి. ఆ గొంతుతో ఆయన ముఖం పాలిపోతుంది. అప్పుడు ఏసీ క్లీనింగ్, ఇంజిన్ వాష్, వైపర్ బ్లేడ్లు, ఏది చెబితే అది. దీన్ని మా భాషలో 'ఎక్కించడం' అంటారు. వెనక గదిలో ఒక బోర్డు ఉంది, ఎవరు బండికి సగటున ఎంత ఎక్కించారో రోజూ రాస్తారు. మొత్తం ఏడుగురం. నేను ఆరో స్థానం. ఏడోవాడు టైఫాయిడ్‌తో సెలవులో ఉన్నాడు. ఈ నెలాఖరుకి నా మూడు నెలల పరీక్షా కాలం పూర్తవుతుంది. పై ముగ్గురికే ఉద్యోగం ఖాయం.

నీ ముసల్ది, ఆ పాత కారు, ఎలా ఉంది? ఇంకా మూడో గేరులో దగ్గుతోందా? కొత్తది కొనాలనిపిస్తే ఒక్క ముక్క రాయి. మీ ఊళ్లో షోరూము కూడా మా ఓనరుదే. నేనొక మాట వేస్తే సరిపోతుంది.

నీ దగ్గర గేర్లు నేర్చి బతుకులో మాత్రం న్యూట్రల్‌లో ఉన్న
అల్లుడు


మార్చి 6

ఒరేయ్ అల్లుడూ,

ఉత్తరం చేరింది. అక్షర దోషాలు మూడు, గొప్పలు పదకొండు. ఉద్యోగం వచ్చినందుకు సంతోషం. రెండు నెలలు దాచినందుకు మీ నాన్నకి తిట్లు విడిగా పంపిస్తున్నాను.

కాగితం వెనక మార్కుల పట్టిక చూసి కంగారుపడకు. మా డ్రైవింగ్ స్కూలు షీట్లు మిగిలిపోతే ఉత్తరాలకి వాడుతున్నాను. మొబైల్ ఎందుకు కొనవు అని మళ్లీ అడగొద్దు. స్టీరింగ్ పట్టే చేతిలో ఫోన్ ఉండకూడదని ఇరవై రెండేళ్లుగా చెప్పి, ఇప్పుడు నేనే ఒకటి పట్టుకు తిరిగితే నన్నెవరు లెక్కచేస్తారు? స్కూల్లో ఫోను ఉంది. అది విద్యార్థులకి. చుట్టాలకి కాదు.

అసలు సంగతికి వస్తాను. ముసల్దానికి ఫిట్‌నెస్ సర్టిఫికెట్ గడువు ఈ నెల 31తో అయిపోతుంది. ఇన్‌స్పెక్టరు కింద దూరి చూసి, బయటికి వచ్చి, టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. "మేడమ్, నన్ను క్షమించండి, దీనికింక సంతకం పెట్టలేను" అన్నాడు. బండి లేకపోతే స్కూలు లేదు. గోడకి తగిలించిన ట్రాఫిక్ గుర్తులు చూపించి ఎన్నాళ్లు ఫీజు తీసుకుంటాను? నలుగురికి ఏప్రిల్ 4న లైసెన్సు పరీక్ష ఉంది. అందులో ఒక నర్సుకి లైసెన్సు వస్తేనే ఇళ్లకి వెళ్లి రోగుల్ని చూసే ఉద్యోగం ఇస్తారు. అప్పటికి బండి లేకపోతే వాళ్లు వేరే స్కూలు చూసుకుంటారు. చూసుకోవాలి కూడా. వెళ్లినవాళ్లు తిరిగిరారు.

మీ వాళ్ల షోరూముకి వెళ్లాను. బయట పెద్ద బోర్డు. 'ఈ కారు ఇంత, పన్ను, రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్స్ అన్నీ కలిపి'. నేను పదకొండేళ్లుగా దాచింది సరిగ్గా అంతకి సరిపోతుంది. నా కాళ్ల కింద రెండో బ్రేకు, రెండో క్లచ్ పెట్టించడానికి ఇంకొంచెం విడిగా ఉంది. అంతే, ఇంక ఒక్క చిల్లిగవ్వ లేదు. బోర్డు మీద అంకె పక్కన చిన్న నక్షత్రం ఉంది. అలంకారం అనుకున్నాను.

లోపల టై కట్టుకున్న అబ్బాయి ఒక కాగితం ఇచ్చాడు. బోర్డు మీద అంకెకీ కాగితం మీద అంకెకీ మధ్య ఏడుగురు విద్యార్థుల ఫీజంత తేడా. హ్యాండ్లింగ్ ఛార్జీ. రంగు మీద ఇంకో పూత. అదనపు వారంటీ. అత్యవసర కిట్. అత్యవసరమైనవి పెట్టకుండా కారు తయారుచేసేవాడి దగ్గర నేనెందుకు కొనాలి అని అడిగాను. "అందరూ తీసుకుంటారు మేడమ్" అన్నాడు. అందరూ ఎర్ర లైటు కూడా దాటతారు, నేను దాటను అన్నాను.

ఒక మాట వేస్తే సరిపోతుందని రాశావు కదా. వెయ్యి.

మీ మావయ్య నిన్ను అడిగానని చెప్పమన్నాడు. నేను నడిపే బండిలో ఎక్కకుండా ఇంకా బస్సులోనే తిరుగుతున్నాడు. పక్కన కూర్చుంటే మార్కులు వేస్తున్నానట.

అత్తయ్య


మార్చి 9

ఎర్ర లైటు దాటని అత్తయ్య గారి పాదాలకు, అనగా పెడళ్ల మీద ఉన్న ఆ పాదాలకు,

నీ కాగితాన్ని శాస్త్రీయంగా పరిశీలించాను. నిన్న మధ్యాహ్నం పై అంతస్తు వాళ్లకి టీ ఇప్పించి మరీ సమాచారం లాగాను.

హ్యాండ్లింగ్ ఛార్జీ అంటే గోడౌన్ నుంచి షోరూము దాకా కారుని తోలుకొచ్చినందుకు. బట్టల కొట్టువాడు పై అరలోంచి చొక్కా తీసినందుకు డబ్బు అడిగినట్టు. రంగు మీద పూత అంటే, ఫ్యాక్టరీవాడు వేసిన రంగు మీద వీళ్లకి నమ్మకం లేదని. అదనపు వారంటీ అంటే, అసలు వారంటీ అయ్యాక వచ్చే రోగాలకి ఇప్పుడే కట్టే వైద్యం. అత్యవసర కిట్‌లో నాలుగు మ్యాట్లు, ఒక కీచైను, కారు తుడిచే ఒక గుడ్డ, ఒక టిష్యూ పెట్టె ఉంటాయి. ఎక్కడ ఏ అత్యవసరం వస్తే టిష్యూ పెట్టె కాపాడుతుందో పై వాళ్లకీ తెలియదు.

ఇందులో ఒక్కటీ తప్పనిసరి కాదు. కానీ వద్దంటే కారు రావడానికి మూడు నెలలు పడుతుంది మేడమ్ అంటారు. కిట్ తీసుకుంటే అదే కారు మంగళవారానికి వచ్చేస్తుంది.

కాబట్టి నా సలహా. నువ్వు తక్కువ మాట్లాడు. ఏది ఎందుకో రాసి ఇమ్మను. వాళ్లు చెప్పేది వింటూ ఏదో రాసుకో. మాట్లాడే కస్టమరుకి వీళ్ల దగ్గర వంద జవాబులున్నాయి, రాసుకునే కస్టమరుకి ఒక్కటీ లేదు. పైగా ఈ నెలంతా మా వాళ్లు వణుకుతున్నారు. కార్ల కంపెనీ ఏడాదికోసారి మారువేషంలో తనిఖీ మనిషిని పంపుతుంది. మామూలు కస్టమరులా వచ్చి, అన్నీ చూసి, మార్కులు వేసి వెళ్లిపోతారు. ఆ మార్కులు తగ్గితే డీలరుకి కమీషన్ కోత. నిన్న ఒక పెద్దాయన కళ్లజోడు తుడుచుకుంటూ మౌనంగా కూర్చుంటే, మా మేనేజరు ఆయనకి మూడుసార్లు జ్యూస్ పంపాడు. పాపం ఆయన పక్క బ్యాంకుకి వచ్చి, ఏసీ ఉందని ఇక్కడ కూర్చున్నాడు.

మాట వేసే సంగతి, చూస్తాలే.

టిష్యూతో కన్నీరు తుడుచుకుంటూ (కిట్ లోనిదే)
అల్లుడు


మార్చి 14

ఒరేయ్,

నిన్ను ఇన్నాళ్లూ తక్కువ అంచనా వేశాను.

శనివారం మళ్లీ వెళ్లాను. నువ్వు చెప్పినట్టే నోరు విప్పలేదు. టై అబ్బాయి "టెస్ట్ డ్రైవ్ చూడండి మేడమ్, ముందు నేను నడిపి చూపిస్తాను" అన్నాడు. నేను పక్క సీట్లో కూర్చున్నాను. పక్క సీట్లో కూర్చుంటే నా చెయ్యి ఊరుకోదు, నీకు తెలుసు. అట్ట తీసి ఒడిలో పెట్టుకుని మార్కుల షీటు బిగించాను.

అద్దాలు సరిచేసుకోకుండా బయల్దేరాడు, పది పోయాయి. సీటు బెల్టు నేను సైగ చేశాక పెట్టుకున్నాడు, ఇంకో పది. మలుపులో ఇండికేటర్ లేదు. పాటలు ఎంత బాగా వస్తాయో చూపించడానికి రోడ్డు మీంచి కళ్లు తిప్పి తెర మీద వేలు పెట్టాడు, అక్కడ ఒక్కసారే ఇరవై. వెనక్కి వచ్చేసరికి వందకి నలభై ఒకటి. షీటు వాడి ముందు పెట్టి కింద సంతకం పెట్టమన్నాను. మన స్కూల్లో అది రివాజు కదా, తప్పు చేసినవాళ్లే సంతకం పెట్టాలి. పెట్టాడు.

లోపలికి వెళ్లి ఏదో చెప్పుకున్నాడు. మేనేజరు పరుగున వచ్చి, నన్ను సోఫాలోంచి లేపి ఇంకా మెత్తటి సోఫాలో కూర్చోబెట్టాడు. "మేడమ్ ఇలా తరచు వస్తుంటారా" అని అడిగాడు. "ఇరవై రెండేళ్లుగా ఇదే పని" అన్నాను. కాఫీ వచ్చింది. నేను "ఇవన్నీ ఎందుకో రాసివ్వండి" అని కాగితం ముందుకు జరిపాను. ఆయన పెన్ను తీశాడు కానీ రాయలేదు, కొట్టేశాడు. కిట్ పోయింది. హ్యాండ్లింగ్ పోయింది. పూత, వారంటీ పోయాయి. చివరికి బోర్డు మీద అంకె మిగిలింది. దాని మీద సంతకం పెట్టి, అడ్వాన్సుకి రశీదు ఇచ్చి, 30న కారు ఇస్తానన్నాడు.

నీ మాట ఇంతలా పనిచేస్తుందనుకోలేదురా. మీ నాన్నకి కూడా రాశాను, కొడుకు ప్రయోజకుడయ్యాడని. మా వీధి చివర ఫొటోగ్రాఫరు కారుకి మొన్న ఫ్రీ సర్వీసు అని పిలిచి చాంతాడంత బిల్లు ఇచ్చారట. అతని సంగతీ ఒకసారి చూడు. నీకెంత పని.

అత్తయ్య


మార్చి 17

గౌరవనీయులైన అత్తయ్య గారికి, ప్రయోజకుడు రాయునది,

ఏదో, మన వంతు మనం చేశాం. ఇంత చిన్నదానికి పొగడటం దేనికి.

ఫొటోగ్రాఫరు గారికి చెప్పు, ఫ్రీ సర్వీసులో ఫ్రీ అయినది పని మాత్రమే. ఆయిల్ ఫ్రీ కాదు, ఫిల్టరు ఫ్రీ కాదు, చివర్లో చెయ్యి తుడుచుకున్న గుడ్డ కూడా బిల్లులో 'ఇతర సామగ్రి' అనే గంభీరమైన పేరుతో ఉంటుంది. ఆయన బిల్లు నా దగ్గరకి పంపించు, ఒక చూపు చూస్తాను.

ఇక్కడ నేనూ పుంజుకున్నాను. బోర్డు మీద మూడో స్థానం. ఈ వారంలో పందొమ్మిది బండ్లకి ఏసీ క్లీనింగ్ ఎక్కించాను. అందులో ఒకాయన రిటైరైన పోస్టుమాస్టరు. ఆయన కారు రోజుకి ఇంటినుంచి లైబ్రరీకి, లైబ్రరీనుంచి ఇంటికి, మొత్తం రెండు కిలోమీటర్లు. ఏసీ వేసుకోడట, జలుబు చేస్తుందని. ఆయనకి కూడా ఏసీ క్లీనింగ్ ఎక్కించానంటే నా ప్రతిభ ఊహించుకో. పెద్ద సూపర్‌వైజరు అందరి ముందూ భుజం తట్టాడు.

మూడో స్థానంలో స్థిరపడిన
అల్లుడు


మార్చి 18 (నిన్నటి ఉత్తరం వెనకాలే)

అత్తయ్యా,

నిన్నటి ఉత్తరం చింపెయ్యి. చదివేసి ఉంటే మర్చిపో.

నేను ఎవరికీ ఏ మాటా వెయ్యలేదు. వేసినా వినేవాళ్లు లేరు. నా మాట మీద ఇక్కడ ఫ్యాను కూడా తిరగదు. గొప్పకి రాశాను. నువ్వు మెచ్చుకునేసరికి నోట మాట రాలేదు, చేతికి మాత్రం బాగానే వచ్చింది.

ఈ ఉదయం మీ ఊరి షోరూమునుంచి మా వాళ్లందరికీ ఒక మెసేజ్ వచ్చింది. 'తనిఖీ మనిషి మా దగ్గరకి వచ్చి వెళ్లింది. యాభై దాటిన ఆవిడ. మెడలో విజిల్, చేతిలో అట్ట. మాట్లాడదు, రాసుకుంటుంది. టెస్ట్ డ్రైవ్‌కి నలభై ఒకటి వేసి సంతకం పెట్టించుకుంది. మీ వైపు వస్తే జాగ్రత్త.' కింద కెమెరా ఫొటో. సోఫాలో కాఫీ తాగుతున్నది నువ్వు.

సూపర్‌వైజరు ఆ ఫొటో చూపించి "మీ వాళ్లుండే ఊరే కదా, ఈవిడని ఎప్పుడైనా చూశావా" అని అడిగాడు. చూడలేదన్నాను. నిన్ను ఎరగనన్నాను అత్తయ్యా. బూట్ల లేసు కట్టుకుంటున్నట్టు వంగి అన్నాను. నా బూట్లకి లేసులు లేవు.

ఇప్పుడు ఒకటే దారి. 30వ తేదీ దాకా అటువైపు వెళ్లకు. ఎవరైనా అడిగితే నవ్వు. కారు చేతికొచ్చాక వాళ్లు ఏమనుకుంటే మనకేం.

తలొంచుకున్న
అల్లుడు


మార్చి 20

అల్లుడికి,

రెండూ చదివాను.

ఒకరి పేరు మీద ఇంకొకరు పరీక్ష రాయడానికి వస్తే నేనేం చేస్తానో నీకు తెలుసు. దింపేస్తాను. ఇప్పుడు నేను ఇంకెవరి పేరు మీదో కారు కొంటున్నాను. వచ్చే శనివారం వెళ్లి చెప్పేస్తాను. సోమవారంనుంచి శుక్రవారం దాకా నాకు క్లాసులున్నాయి.

అత్తయ్య


మార్చి 22

అత్తయ్యా,

కాళ్లు పట్టుకుంటున్నాను, ఉత్తరంలో కాబట్టి విదిలించుకోలేవు.

వెళ్లి చెబితే ఏమవుతుందో నేను చెప్తాను. మేనేజరు ఆ కొట్టేసినవన్నీ మళ్లీ రాస్తాడు. నీ దగ్గర అంత లేదు. 31న ముసల్ది రోడ్డెక్కకూడదు. 4న నలుగురికి పరీక్ష. ఏ బండి మీద పంపిస్తావు? ఇరవై రెండేళ్ల స్కూలు, ఒక్క శనివారం నాటి సత్యసంధతకి మూతపడుతుంది.

పైగా నిజంగా ఆలోచించు. వాళ్లు నీకు ఏం తగ్గించారు? ఏమీ లేదు. ఎక్కించడం మానేశారు, అంతే. బోర్డు మీద వాళ్లు రాసిన ధరకే వాళ్లు అమ్ముతున్నారు. అలా అమ్మించడానికి మారువేషంలో ఒక మనిషి రావాల్సి వచ్చిందంటే ఆ సిగ్గు వాళ్లది. తనిఖీ మనిషినని నువ్వెప్పుడైనా అన్నావా? నువ్వు మార్కులు వేశావు. అది నీ జబ్బు. జబ్బుకి శిక్ష ఉండదు.

నాకు ఉద్యోగం పోతుందన్న భయంతో రాయడం లేదు. కొంచెం ఆ భయం కూడా ఉంది. అడిగితే ఒప్పుకుంటాను.

ఈసారి వంగింది టేబులు వల్ల కాదు,
అల్లుడు


మార్చి 26, శనివారం సాయంత్రం

ఒరేయ్ అల్లుడూ,

నీ ఉత్తరం నిన్న అందింది. రెండుసార్లు చదివి సంచిలో పెట్టుకునే వెళ్లాను. హాలు నిండా జనం. పక్క టేబులు దగ్గర కొత్తగా పెళ్లయిన జంట, వెనక పిల్లల్ని ఎత్తుకుని ఇద్దరు ముగ్గురు.

మేనేజరు నన్ను చూసి లేచి నిలబడ్డాడు. "మీరు పొరబడ్డారు. నేను తనిఖీకి రాలేదు. నాది డ్రైవింగ్ స్కూలు. మీ అబ్బాయికి మార్కులు వేసింది అలవాటు కొద్దీ" అన్నాను.

ఆయన ముందు నవ్వాడు. గుండె మీంచి బరువు దిగిన నవ్వు. కుర్చీలో వెనక్కి వాలాడు. మెత్తటి సోఫా ఊసు ఎత్తలేదు. "అలాగా మేడమ్, అయితే కొటేషన్ మళ్లీ వేసుకుందాం. ఇవి అందరికీ ఉండేవే" అని కొత్త కాగితం తీశాడు. నువ్వు రాసినట్టే అన్నీ తిరిగొచ్చాయి, వరసతో సహా.

"ఇందులో తప్పనిసరి ఏది?" అని అడిగాను.

"అన్నీ మంచివే మేడమ్."

"మంచి గురించి అడగలేదు. ఏది తీసుకోకపోతే కారు కదలదు?"

ఆయన కాగితం సర్దాడు. నేను సంచిలోంచి మొన్నటి రశీదు తీసి, కొత్త కాగితం పక్కన బల్ల మీద పెట్టాను. "ఈ అంకె మీది, సంతకం మీది" అన్నాను.

"అది పొరపాటున పెట్టాం మేడమ్."

"మా స్కూల్లోనూ పొరపాటు చేసినవాళ్లే సంతకం పెడతారు. పెట్టాక దిద్దడం ఉండదు."

నేను గొంతు పెంచలేదు. కానీ రోడ్డు మీద ఇంజిన్ చప్పుడులో వినబడేట్టు మాట్లాడే గొంతు నాది, హాల్లో అది కొంచెం ఎక్కువే. పక్క టేబులు అమ్మాయి మెడ చాచి రెండు కాగితాలూ చూసింది. తన కాగితం చూసుకుంది. మళ్లీ నాది చూసింది. "ఏవండీ, మన దాంట్లోనూ కిట్ ఉంది" అంది మొగుడితో. అతను "అది అందరికీ ఉంటుందట" అన్నాడు. "ఈవిడకి లేదుగా" అంది. లేచి వచ్చి, "మేడమ్, ఒకసారి మీ కాగితం ఇస్తారా" అని అడిగింది. ఇచ్చాను. ఆ కాగితం తర్వాత వెనకవాళ్లకి వెళ్లింది, అక్కడినుంచి ఇంకో టేబులుకి. పావుగంటసేపు నా రశీదు ఎవరి చేతిలో ఉందో నాకే తెలియలేదు.

మేనేజరు నా దగ్గరికి వంగి, "మేడమ్, మీ సంగతి ఓనరుతో మాట్లాడి సోమవారం చెప్తాను, ప్రస్తుతానికి దయచేసి వెళ్లండి" అన్నాడు. వచ్చేశాను. కారు వస్తుందో రాదో తెలియదు. నలుగురికీ మాత్రం చెప్పాను, అవసరమైతే పెద్ద వీధి స్కూలులో మాట్లాడి పెడతానని. నర్సు ఏడ్చింది. నేను ట్రాఫిక్ గుర్తుల బొమ్మలు తుడిచాను.

ఒక్కటి అడుగుతాను. నాకు ఏది అనవసరమో విడమరిచి రాశావు. నీ టేబులు ముందు కూర్చునేవాళ్లకి చెప్తున్నావా? వాళ్లకి మేనల్లుడు ఉండకపోవచ్చు. ఏసీ వేసుకోని పోస్టుమాస్టరుకి నువ్వు ఎక్కించింది చదివి నవ్వొచ్చింది. తర్వాత నవ్వినందుకు నా మీద నాకే కోపం వచ్చింది.

అత్తయ్య


ఏప్రిల్ 1

అత్తయ్యా,

ఈ తేదీ చూసి ఇందులో రాసినవి అబద్ధాలనుకోకు.

సోమవారం ఏమైంది? నాలుగు రోజులుగా చూస్తున్నాను, ఉత్తరం లేదు. స్కూలుకి ఫోన్ చేస్తే ఎవరో అమ్మాయి ఎత్తి "మేడమ్ రోడ్డు మీద ఉన్నారు" అంది. ఏ అర్థంలో రోడ్డు మీద అని అడిగేలోపు పెట్టేసింది. ఏ బండి అనైనా చెప్పలేదు.

నువ్వు అడిగినదానికి జవాబు: నా టేబులు ముందు కూర్చున్నవాళ్లకి నేను చెప్పలేదు. రోజూ ఇన్ని జోకులు వేస్తున్నాను కాబట్టి నేను వాళ్లలో ఒకణ్ని కాననుకున్నాను. అదొక సౌకర్యం.

పోస్టుమాస్టరు గారికి ఫోన్ చేసి పిలిపించాను. "సార్, మీకు ఏసీ క్లీనింగ్ అక్కర్లేదు. నేనే ఎక్కించాను. డబ్బు వెనక్కి వచ్చేలా కాగితం పెడతాను" అన్నాను. ఆయన "తెలుసు బాబూ" అన్నాడు. "తెలిసి ఎందుకు చేయించుకున్నారు సార్" అన్నాను. "నువ్వు ఇరవై నిమిషాలు మాట్లాడావు. లైబ్రరీలో మాట్లాడనివ్వరు" అన్నాడు. నాకు శిక్షణలో నేర్పిన మౌనం అప్పుడు నిజంగా వచ్చింది. డబ్బు తీసుకున్నాడు, కానీ వారానికోసారి వచ్చి కూర్చుంటానన్నాడు. కూర్చోమన్నాను.

మంగళవారంనుంచి జాబ్ కార్డు మీద గీత గీస్తున్నాను. గీతకి పైన కంపెనీ పుస్తకంలో ఉన్న పని, కింద మేం చెప్పే పని. "పైది చేయించండి. కిందిది మీ ఇష్టం, మీ బండికి నేనైతే చేయించను" అని చెప్తున్నాను. మూడు రోజుల్లో మూడో స్థానంనుంచి ఏడో స్థానానికి వచ్చాను. టైఫాయిడ్ వాడు నన్ను దాటిపోయాడు. వాడింకా సెలవులోనే ఉన్నాడు.

నిన్న సూపర్‌వైజరు పిలిచాడు. పరీక్షా కాలం ఆఖరి రోజు. ముందు నా గీతల జాబ్ కార్డులు బల్ల మీద పరిచాడు. తర్వాత నీ ఫొటో తీశాడు. "శనివారం అక్కడ గొడవ చేసిందట. నిజంగా నీకు తెలియదా?" అన్నాడు.

"మా అత్తయ్య సార్" అన్నాను. ఈసారి వంగలేదు.

ఆయన చాలాసేపు ఫొటో చూశాడు. "నేను టెస్ట్ డ్రైవ్ చేస్తే ఈవిడ ఎంత వేస్తుందంటావు" అని అడిగాడు. అద్దాలు సరిచేసుకుంటే యాభై దాటొచ్చన్నాను. ఉద్యోగం ఖాయం చెయ్యలేదు. తీసెయ్యలేదు కూడా. ఇంకో మూడు నెలలు చూస్తారట. ఎందుకంటే నిన్న పొద్దున గేటు దగ్గర ఇద్దరు "ఆ ఎక్కించని అబ్బాయి టేబులు ఏది" అని అడిగారట. వాళ్లని నా దగ్గరికి పంపడమా, నన్నే బయటికి పంపడమా అన్నది పైవాళ్లు తేల్చుకోలేకపోతున్నారు.

కారు వచ్చిందా? ఒక్క ముక్క రాయి. మిగతా కాగితం ఖాళీగా ఉన్నా చదువుతాను.

ఏడో స్థానంలో, ఏడుగురిలో,
అల్లుడు


ఏప్రిల్ 5

అల్లుడూ,

రాయడానికి తీరిక లేదురా, నాలుగు రోజులు తెల్లారి ఐదింటినుంచి బండి మీదే ఉన్నాను. బండి అంటే కొత్తది.

సోమవారం మేనేజరు స్కూలుకి ఫోన్ చేశాడు. శనివారం నా రశీదు చూసినవాళ్లలో ఐదుగురు అదే ధర కావాలని కూర్చున్నారట, ఇద్దరు అడ్వాన్సు వెనక్కి అడిగారట. ఓనరు లెక్క వేసుకుని, ఐదు బండ్లు పోవడం కన్నా ఐదు కిట్లు పోవడం నయం అన్నాడట. "మీ ధర మీకే ఉంటుంది మేడమ్. 30న వచ్చి తీసుకోండి. ఒక్క మనవి, శనివారాలు రావొద్దు" అన్నాడు. మాట ప్రకారం బుధవారం వెళ్లాను. టై అబ్బాయి తాళాలు ఇస్తూ, తనకి ఆదివారాలు ఖాళీ అని, ఫీజు ఎంత అని మెల్లిగా అడిగాడు. అందరికీ ఎంతో అంతే అన్నాను.

మ్యాట్లు లేవు. కింద పాత న్యూస్‌పేపర్లు పరిచాం. సొంత డబ్బుతో రెండో బ్రేకు, రెండో క్లచ్ పెట్టించాను. నిన్న పరీక్ష. నలుగురిలో ముగ్గురు గట్టెక్కారు. నాలుగో ఆవిడ, టైలరు, రివర్సులో స్తంభాన్ని ముద్దు పెట్టుకుంది, మళ్లీ నెల రాస్తుంది. బంపరుకి గీత పడింది. సర్వీసుకి తీసుకొస్తే ఏం ఎక్కిస్తారో చూడాలి. నీ టేబులుకే వస్తాను.

నర్సుకి లైసెన్సు వచ్చింది. తిరుగు దారిలో తనే నడిపింది. ఇక నేర్పడానికేం లేదు కాబట్టి మొదటిసారి తీరిగ్గా మాట్లాడింది. "మేడమ్, నిజం చెప్పండి, ఈ బండి ఎంతకి పడింది? నేనూ కొనాలనుకుంటున్నాను" అంది.

"షోరూము బయట బోర్డు మీద ఉందే, సరిగ్గా అంతే" అన్నాను.

ఇండికేటర్ వేసింది, అద్దం చూసింది, బండిని పక్కకి తీసి ఆపింది. నా వైపు తిరిగి, "చెప్పడం ఇష్టం లేకపోతే మానెయ్యండి మేడమ్, ఇన్నాళ్లు నేర్పి ఇప్పుడు అబద్ధం దేనికి" అంది.

అత్తయ్య